పోటు మళ్ళే లోపు

"మామయ్యా, నురగ చూడు," అంది బుడుంగు.

లంగరు చూడలేదు. నల్లరాయి పక్కన తన కయాక్‌ని అడ్డంగా నిలిపి, రెండు జంటల పడవల్నీ మోకాలితో తన పడవకి ఆనించి పట్టుకుని, వాళ్ళకి ఫోటోలు తీస్తున్నాడు. ఒకాయన తెడ్డుని గదలా భుజాన వేసుకుని లేని మీసం మెలేస్తున్నాడు. ఆయన భార్య నవ్వాపుకోలేక పడవనంతా ఊపేస్తోంది.

"మామయ్యా."

"విన్నానే. ఇంకా పది నిమిషాలుంది."

"లేదు. మళ్ళింది."

ఆ మాట ఆమె గట్టిగా అనలేదు. అతిథుల ముందు పెద్ద గైడుకి ఎదురు చెప్పకూడదని నేర్పింది అతనే. తన పడవని కాస్త దగ్గరికి జరిపి, తెడ్డు చివరతో నీళ్ళ మీద ఒకచోట చూపించింది. అక్కడ రాతిని ఆనుకుని ఒక నురగచార ఉంది. ఇంతసేపూ అది కదలకుండా పడి ఉంది. ఇప్పుడు సముద్రం వైపు కొస నెమ్మదిగా వంగి, మడుగు వైపు పాకుతోంది.

ఆ చోటుని ఇరుకు అంటారు, రెండు కొండల మధ్య సముద్రం లోపలికొచ్చే సందు. అవతల సముద్రం, ఇవతల మడుగు. పోటు వచ్చేటప్పుడు సముద్రమంతా ఆ సందులోంచే లోపలికి దూరాలని చూస్తుంది. పాటు తీసేటప్పుడు మడుగంతా అందులోంచే బయటపడాలని చూస్తుంది. అడుగున రాళ్ళు. నీళ్ళు వాటినెక్కి మనిషెత్తు అలగా లేచి, ముందుకు పోకుండా ఉన్నచోటే నిలబడి గర్జిస్తాయి. దాని పక్కన సుళ్ళు బావుల్లా తెరుచుకుని మూసుకుంటూ ఉంటాయి. అది చూడ్డానికే జనం వస్తారు. మడుగు ఒడ్డున కొండవాలుకి వాళ్ళకోసం ఇనుప కమ్మీల వేదిక కట్టారు. ఒక పోటుకీ పాటుకీ మధ్య కొద్దిసేపు నీళ్ళు ఎటూ పోవు. గైడులు దాన్ని నిలకడ అంటారు. ఆ నిలకడలో అతిథుల్ని సందులోని మలుపు దాటించి నల్లరాయి దాకా తీసుకెళ్ళి, నీళ్ళు మళ్ళకముందే రేవుకి చేర్చడం కంపెనీ పని.

ఆ రాత్రంతా సముద్రం మీద గాలి కొట్టింది. గాలి తోసుకొస్తే పోటు పట్టికలో రాసిన వేళకంటే ముందే వస్తుంది. లంగరుకి తెలియని సంగతి కాదు. తెల్లవారుజామున పట్టిక మీద వేలుపెట్టి, ఓ ఇరవై నిమిషాలు తగ్గించుకోవాలనుకున్నాడు కూడా. అతిథులు నిద్రలేచి ఆలస్యంగా వచ్చేసరికి, ఆ ఇరవై నిమిషాలూ వాళ్ళకే ఇచ్చేశాడు.

"ఇదొక్కటీ తీసి పదండి," అన్నాడు.

తీశాడు. ఫోన్ వాళ్ళకి తిరిగిచ్చి తలెత్తేసరికి, నాలుగు బారల దూరంలో ఒంటి పడవలో ఉన్న ఐదో అతిథి, ఒక టీచరమ్మ, వింతగా అతని వైపు చూస్తోంది. ఆమె తెడ్డు వేయడం లేదు. అయినా పడవ పోతోంది. "ఇటు వెయ్యండి, కుడివైపు వెయ్యండి," అని అరిచాడు. ఆమె కంగారులో ఎడమవైపు వేసింది. పడవ ముక్కు ప్రవాహంలోకి తిరిగింది, పక్కకి ఒరిగింది, అంతే. నీళ్ళమీద ఎర్ర జాకెట్టూ, తాడు కట్టిన కళ్ళజోడూ ఒక్కసారి కనిపించి మలుపు వైపు జారిపోయాయి.

పడినవాళ్ళ కోసం పెద్ద గైడు పోవాలి. గుంపుని సహాయ గైడు ఒడ్డుకి చేర్చాలి. ఈ నియమం షెడ్డు గోడ మీద రాసి ఉంది. రాసింది లంగరే.

అతను పడవ తిప్పాడు. రాతి వెనక నిలకడ నీటికీ, పక్కనే పరిగెడుతున్న నీటికీ మధ్య గీత గీసినట్టు ఉంది. అది దాటాలి. రెండు తెడ్లు గట్టిగా వేస్తే దాటిపోతాడు. ఇరవై రెండేళ్ళలో వందలసార్లు దాటాడు. ఎంత ఉరవడిలోనైనా పడవని ఉన్నచోటే నిలబెడతాడని కదా ఆ పేరొచ్చింది. ఆ గీత దగ్గర అతని చేతులు ఆగిపోయాయి. నొప్పేం లేదు. భుజాలు బాగానే ఉన్నాయి. చేతులు లేవలేదు, అంతే.

బుడుంగు ఒక్కసారి అతని మొహంలోకి చూసింది. ఏం చూసిందో, ఇంక అడగలేదు. "వీళ్ళని చూసుకో," అని, అతని పక్కనుంచే గీత దాటి, అల వైపు పోయింది.

నాలుగు ప్రాణాలు నా చేతిలో ఉన్నాయి, అనుకున్నాడు లంగరు. ఆ మాట పదేపదే అనుకుంటూనే రెండు జంటల్నీ రాతి వెనక నీటిలోంచి, ఒడ్డు వెంబడి, ఒక్కొక్క పడవనే లాగి రేవుకి చేర్చాడు. వాళ్ళు ఏడుస్తున్నారు. తర్వాత ఒడ్డు పక్కగా, లోతులేని నీటిలో, అలని తప్పించుకుంటూ మడుగులోకి వెళ్ళాడు. మడుగులో నీళ్ళు విశాలంగా పరుచుకుని శాంతిస్తాయి. అక్కడ బుడుంగు పడవ బోర్లా తేలుతోంది. దాన్ని ఒక చేత్తో, టీచరమ్మని ఇంకో చేత్తో పట్టుకుని బుడుంగు వెల్లకిలా పడి ఉంది. పెదాలు నల్లబడ్డాయి. అతను తాడు వేశాడు. ఇద్దర్నీ ఒడ్డుకి లాగాడు.

వేదిక మీద జనం చప్పట్లు కొట్టారు. వాళ్ళకి మలుపు అవతల ఏం జరిగిందో కనపడదు. కనపడినంత వరకూ ఫోన్లలో పట్టుకున్నారు.

మర్నాడు పొద్దున కంపెనీ ఓనరు తన గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఒంటివేలితో రిపోర్టు కొడుతున్నాడు. ఓనరు చెడ్డవాడు కాదు. బుడుంగుకి జ్వరమొస్తే తన స్కూటర్ మీద ఆసుపత్రికి తీసుకెళ్ళినవాడే. లంగరు వెళ్ళేసరికి కుర్చీ జరిపి, కాగితం తీసి, "చదువుతా విను. ఎక్కడైనా అబద్ధముంటే ఆపు," అన్నాడు.

"నీళ్ళు పట్టికలోని వేళకంటే ముందుగా మళ్ళాయి. ఒక అతిథి పడవ తిరగబడింది. సహాయ గైడు, పెద్ద గైడు ఆజ్ఞ లేకుండా గుంపుని వదిలి ప్రవాహంలోకి వెళ్ళింది. పెద్ద గైడు మిగతా నలుగురినీ క్షేమంగా ఒడ్డుకి చేర్చి, తర్వాత మడుగులోకి వెళ్ళి అతిథినీ, సహాయ గైడునీ తీసుకొచ్చాడు. పట్టుకున్న తీరు సరిగా లేనందున అతిథి కుడిచెయ్యి విరిగింది."

ఫ్యాను గాలికి కాగితం కొట్టుకుంటోంది.

"నువ్వు ఆజ్ఞ ఇచ్చావా?"

"లేదు."

"గుంపుని వదిలి వెళ్ళిందా?"

"వెళ్ళింది."

"నలుగురినీ నువ్వే చేర్చావా?"

"నేనే."

"మరింకేం?"

నీళ్ళు మళ్ళాయని ఆమె రెండుసార్లు చెప్పిన సంగతి అందులో లేదు. లేని మాట అబద్ధం కాదు కదా. లంగరు గోడకేసి చూశాడు. అక్కడ ఎప్పటిదో ఫోటో ఉంది. అలమీద తను, వెనక పళ్ళన్నీ బయటపెట్టి పన్నెండేళ్ళ బుడుంగు.

"దాని గైడు కార్డు పోతుందేమో," అన్నాడు.

"మహా అయితే ఈ సీజనుకి ఆపుతారు. చిన్నది, మళ్ళీ తెచ్చుకుంటుంది. నీ కార్డు పోతే ఈ వయసులో నీకు మళ్ళీ ఇస్తారా? జనం ఇక్కడికొచ్చేది నీ పేరు చూసి. లంగరే మునిగాడంటే షెడ్డుకి తాళం వేసుకోవడమే. ఆ వీడియో ఎంతమంది చూశారో తెలుసా?" ఓనరు పెన్ను ఇచ్చాడు. "మనం ఎవర్నీ ముంచట్లేదు. ఉన్నదే రాశాం."

పెన్ను రాయలేదు. ఓనరు సొరుగులోంచి ఇంకోటి తీసిచ్చాడు. అది రాసింది.

రెండు జంటలూ మధ్యాహ్నానికి సంతకాలు పెట్టేసి ఊరికెళ్ళిపోయారు. ఎల్లుండి రేవు ఆఫీసులో విచారణ.

సాయంత్రం అతని భార్య లాడ్జీ దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంటే, లంగరు మడతపెట్టిన వాటిని మళ్ళీ విప్పి మడతపెడుతున్నాడు. ఆమె రెండుసార్లు చూసి ఊరుకుంది. మూడోసారి, "ఇస్త్రీ నలిపేస్తున్నావు. ఊరికే కూర్చోవడం రాకపోతే బజారుకి పో," అంది. అప్పుడే బుడుంగు తల్లి, అతని అక్క, వచ్చింది.

అక్క టెంట్లూ, జాకెట్లూ, చిరిగిన టార్పాలిన్లూ కుట్టే మనిషి. దబ్బనం తోసీ తోసీ బొటనవేలు మొద్దుబారిపోయింది. గుమ్మంలోనే నిలబడింది.

"వీడియో చూశానురా," అంది. "వీధిలో అందరూ చూపిస్తున్నారు. నువ్వు లేకపోతే నా పిల్ల ఈపాటికి చేపలకి మేత."

"అక్కా, అదేం లేదు..."

"దణ్ణం పెట్టనియ్యి." నిజంగానే రెండు చేతులూ జోడించింది. తనకంటే ఆరేళ్ళు పెద్దది. చిన్నప్పుడు తన చెవి మెలేసి బడికి ఈడ్చుకెళ్ళింది ఆ చేతులే.

"కూర్చో వదినా," అంది అతని భార్య ఇస్త్రీపెట్టె పక్కన పెడుతూ.

అక్క కూర్చోలేదు. తమ్ముడినే చూస్తోంది. "అసలెలా జరిగిందిరా?"

"గాలి ఉంది. నీళ్ళు ముందే మళ్ళాయి."

"ఊఁ."

"అది కాస్త తొందరపడింది," అన్నాడు లంగరు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అన్నట్టు అతనికే ఉలికిపాటు కలిగింది. కాని వచ్చేసింది.

"ఊఁ," అంది అక్క మళ్ళీ. ఇంకాసేపు నిలబడింది. తర్వాత చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు షెడ్డులో బుడుంగు జాకెట్లు కడుగుతోంది. తొట్టిలో సబ్బునీళ్ళలో ఒక్కొక్కటీ ముంచి, పట్టీల సందుల్లో ఇరుక్కున్న ఇసుకని బ్రష్షుతో లాగి, మంచినీళ్ళలో జాడించి తాడు మీద ఆరేస్తోంది. ముంజేతుల మీద రాళ్ళు గీరిన గాట్లు. సబ్బునీళ్ళు తగిలినప్పుడల్లా దవడ బిగుస్తోంది. మిగతా గైడులు పక్క కొట్టులో టీ తాగుతూ గట్టిగా మాట్లాడుకుంటున్నారు. లంగరు రాగానే గొంతు తగ్గించారు. ఒకడు లేచి తన గ్లాసు ఇవ్వబోయాడు. వద్దన్నాడు.

లోపలికెళ్ళి బకెట్టు అందుకున్నాడు. ఆమె చెయ్యి ఆగింది. తలెత్తి చూసింది.

"సబ్బు అయిపోయిందా?" అని అడిగాడు.

"ఉంది," అంది.

అతను రెండు జాకెట్లు జాడించాడు. ఆమె ఇంక తలెత్తలేదు. మూడోదాని పట్టీ తెగి ఉంది. "ఇది అక్కకివ్వాలి," అన్నాడు. ఆమె చెయ్యి చాచి తీసుకుని పక్కన పడేసింది. అతను చేతులు తుడుచుకుని బయటికొచ్చేశాడు.

అక్కడినుంచి ఇంటికి పోలేక ఆసుపత్రికి పోయాడు. ఉత్త చేతులతో ఎలా పోవడమని దారిలో నాలుగు కమలాపళ్ళు తీసుకున్నాడు. టీచరమ్మ మంచంమీద దిండుకి ఆనుకుని, ఎడంచేత్తో పుస్తకం పేజీ తిప్పడానికి తంటాలు పడుతోంది. కుడిచేతికి మోచేతి పైదాకా కట్టు.

"రండి రండి," అంది. "మీరొస్తారనుకోలేదు. ఆ అమ్మాయి ఏది?"

"పనిలో ఉందండీ."

"చేతులెలా ఉన్నాయి దానికి?"

"బాగానే ఉన్నాయి."

ఒంటిచేత్తో పండు వలుచుకోలేదని, అతనే తొక్క తీసి, తొనలు విడదీసి, గింజలు ఏరి పళ్ళెంలో పెట్టాడు. ఆమె ఒక తొన తింటూ చెప్పుకుపోయింది. పిల్లలకి కథ చెప్పే అలవాటున్న గొంతు.

"నా జాకెట్టు భుజం పట్టీ లోంచి చెయ్యి దూర్చి మెలేసి పట్టుకుందండీ. ఎముక విరగడం నాకు తెలిసింది. వదిలెయ్ అని అరిచాను. వదలనంది. సుడిలోకి రెండుసార్లు పోయాం. రెండోసారి పైకి తేలినప్పుడు నన్నేమడిగిందో తెలుసా? 'మీరేం పాఠం చెప్తారు?' అని. లెక్కలన్నాను. 'నాకు లెక్కలు రావు, పదిహేడో ఎక్కం చెప్పండి' అంది. చూడండి దాని తెలివి! భయపడడానికి తీరిక లేకుండా చేసింది. పదిహేడు ఎనిమిదులు నూట ముప్పై ఆరు అనేసరికి నీళ్ళు నెమ్మదించాయి." నవ్వింది. నవ్వితే చెయ్యి నొప్పెట్టినట్టుంది, పళ్ళు బిగించింది. "డాక్టరు ఏమన్నాడంటే, అలా మెలేసి పట్టుకోబట్టే చెయ్యి విరిగిందట. చెయ్యి పోతే పోయింది, నేను మిగిలానుగా అన్నాను."

లంగరు తొక్కలన్నీ ఏరి కాగితంలో చుడుతున్నాడు.

"మీ ఆఫీసునుంచి ఏదో కాగితం పంపారు సంతకానికి. కుడిచెయ్యి లేదు, పెట్టలేను పొమ్మన్నాను. ఏం జరిగిందని మాత్రం నన్నెవరూ అడగలేదు." ఆమె ఇంకో తొన తీసుకుంది. "నీళ్ళు మళ్ళాయని ఆ పిల్ల అన్నప్పుడు నేనూ విన్నానండీ. నాకు నీళ్ళ సంగతేం తెలుసు? పెద్దాయన ఇంకా టైముందన్నాడు కదా, ఆయనకి తెలీదా, అనుకున్నా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బావుణ్ణు అనిపించింది లంగరుకి. ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచాడు. నర్సు మందుల బండి తోసుకుంటూ వచ్చింది. లేచాడు. నర్సు రాకపోయినా చెప్పి ఉండేవాడు కాదని మెట్లు దిగుతూ ఒప్పుకున్నాడు.

విచారణ రోజు పొద్దున గడ్డం గీసుకుంటూ భార్యకి జరిగింది చెప్పాడు. అద్దంలోంచే చెప్పాడు, ఆమె మొహం చూడకుండా. ఆమె తలుపు దగ్గర నిలబడి అంతా విని, "ఈ మూడు రోజులూ నేననుకున్నది నీకు దెబ్బేదో తగిలింది, దాస్తున్నావని," అంది. తర్వాత ఉతికిన చొక్కా తెచ్చి కుర్చీ మీద పెట్టింది.

రేవు ఆఫీసు వరండాలో బల్లమీద బుడుంగు కూర్చుని ఉంది. తల దువ్వుకుని, పెళ్ళికెళ్ళేదానిలా చెప్పులు తుడుచుకుని వచ్చింది. చేతిలో గైడు కార్డు లేదు.

"ఇంకా పిలవలేదా?" అన్నాడు.

"అయిపోయింది. ముందే వచ్చా."

"ఏం చెప్పావే?"

"రిపోర్టులో ఉన్నదే. గుంపుని వదిలేశా, నా తప్పే అని రాసిచ్చా. కార్డు కూడా ఇచ్చేశా."

అతను ఆమె పక్కన కూర్చోబోయి, కూర్చోలేక, నిలబడ్డాడు. "నా కోసమా?"

"నీ కోసమేంటి మామయ్యా!" అంది చిరాగ్గా. మూడు రోజుల తర్వాత ఆమె గొంతులో ప్రాణం విన్నాడతను. "నువ్వు చెప్తావని చూశా. మొదటిరోజు, పోనీ, అదురు తగ్గలేదు, రేపు చెప్తాడు అనుకున్నా. మర్నాడు సంతకం పెట్టావన్నారు. సరే, ఓనరు బలవంతం చేసుంటాడు, నాతోనైనా అంటాడు అనుకున్నా. నిన్న షెడ్డులోకొచ్చి బకెట్టు తీశావు. హమ్మయ్య, వచ్చాడు అనుకున్నా. సబ్బు అయిపోయిందా అని అడిగావు."

లంగరు తల వంచుకున్నాడు.

"ఆ నీళ్ళ దగ్గర భయం ఎవరికైనా వేస్తుంది. నాకూ వేసింది, ఏడుపొచ్చింది కూడా. నా బాధ దానికి కాదు. ఇంక నీ వెనక నీళ్ళలోకి దిగలేను, అంతే. కార్డుంటే దిగమంటారు. లేకపోతే గొడవే లేదు. అమ్మ దగ్గర మిషను ఖాళీగా ఉంది."

"లోపల అధికారి ఉన్నాడా?"

"ఉన్నాడు. జలుబు. దగ్గరికెళ్ళకు," అంది అలవాటుగా. తర్వాత మొహం తిప్పేసుకుంది.

అధికారి ముక్కు తుడుచుకుంటూ ఫైలు మూస్తున్నాడు. ఓనరు ఎదురుగా కుర్చీలో కాలుమీద కాలేసుకుని ఉన్నాడు. లంగరు జేబులోంచి తన కార్డు తీసి బల్లమీద పెట్టాడు.

"ఇంకా అడగలేదే నేను," అన్నాడు అధికారి.

"అడగక్కర్లేదండీ." నిలబడే చెప్పాడు. గాలి సంగతి, ఇరవై నిమిషాల సంగతి, ఆమె రెండుసార్లు అన్న మాట, ఫోటో. గీత దగ్గర చేతులు లేవకపోవడం దాకా వచ్చి ఆగాడు. నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టాడు. "నేను పోవాల్సిన చోటికి అది పోయింది. ఆజ్ఞ ఇవ్వలేదన్నది నిజమే. ఇవ్వడానికి నాకు నోరు రాలేదు. రిపోర్టులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ జరిగింది అది కాదు."

ఓనరు కాలు కిందికి దించాడు. "వీడికి మూడు రోజుల్నించీ నిద్ర లేదండీ, ఏదేదో..."

"ఉండండి," అన్నాడు అధికారి. రెండు తుమ్ములు తుమ్మాడు. "పదకొండేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నా. తప్పు వాడిదంటే వీడిదని కొట్టుకుంటూ వస్తారు. నాదంటే నాదని ఇద్దరు రావడం ఇదే మొదలు. దీనికి ఫారంలో గడి కూడా లేదు." కొత్త కాగితం తీశాడు. "మళ్ళీ మొదట్నించీ చెప్పు. నెమ్మదిగా. ఆ టీచరమ్మ ఏ ఆసుపత్రిలో ఉంది?"

మధ్యాహ్నానికి తేలింది. టీచరమ్మ ఫోన్‌లో పదిహేడో ఎక్కంతో సహా చెప్పింది. లంగరు కార్డు అధికారి సొరుగులోకి పోయింది, తిరిగొస్తుందో రాదో పైవాళ్ళు చెప్పాలి. బుడుంగు రాసిచ్చిన కాగితం చింపేసి, ఆమె కార్డు ఆమె చేతికిచ్చారు. వరండాలో ఓనరు, "నన్ను నిలువునా ముంచావు కదరా," అన్నాడు. కోపంగా కూడా అనలేదు, అలసిపోయి అన్నాడు. మెట్లు దిగాడు, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి బుడుంగు వైపు తిరిగి, "రేపు నిలకడ పదిన్నరకి. ఆరుగురున్నారు. నువ్వు తప్ప ఎవరూ లేరు," అన్నాడు.

లంగరు నేరుగా అక్క ఇంటికెళ్ళాడు. అక్క ముందుగదిలో నేలంతా పరుచుకున్న టార్పాలిన్ మధ్యలో కూర్చుని అంచు కుడుతోంది. అతను గుమ్మంలో నిలబడే మొత్తం చెప్పాడు. ఆఫీసులో చెప్పినంత వరసగా రాలేదు, వెనకదీ ముందుదీ కలిసిపోయాయి. అక్క దబ్బనం గుచ్చుతోంది, దారం లాగుతోంది. చెప్పడం అయిపోయాక కొరికి దారం తెంపింది.

"నాకు తెలుసు," అంది.

"ఎప్పుడు?"

"ఆ రోజే. అది తడిబట్టల్తో వచ్చి నా ఒళ్ళో పడి చెప్పింది. ఎవరికీ చెప్పొద్దంది. మామయ్యే చెప్తాడు అంది."

"మరి... మా ఇంటికొచ్చి దణ్ణం పెట్టావు కదక్కా."

"పెట్టా." అక్క ఇప్పుడు తలెత్తింది. కళ్ళు ఎర్రగా లేవు, కోపంగానూ లేవు. "దణ్ణం పెడితే నువ్వు కాదంటావని పెట్టా. నేను నిన్నెత్తుకు పెంచానురా. అంత పెద్ద అబద్ధం నెత్తిన పెడితే మొయ్యలేవు, దించేస్తావు అనుకున్నా."

అతను కూర్చున్నాడు. టార్పాలిన్ మీదే కూర్చున్నాడు. అక్క లేవమనలేదు. కాసేపటికి తన వైపు కొస అతని మోకాళ్ళ మీదికి నెట్టి, "బిగించి పట్టుకో, జారిపోతోంది," అంది. అతను పట్టుకున్నాడు. ఆమె కుట్టింది. అంచు సగం అయింది.

బుడుంగు వచ్చి గుమ్మంలో చెప్పులు విడిచింది. మామయ్యని చూసి ఒక్కక్షణం ఆగి, దాటుకుని లోపలికెళ్ళి, మంచినీళ్ళు తాగి, చెంబుతోనే బయటికొచ్చింది.

"వెళ్తున్నా రేపు," అంది తల్లితో. "ఆరుగురు కుదరదన్నా. ముగ్గురే అన్నా. ఓనరు ముందు గింజుకున్నాడు, తర్వాత ఒప్పుకున్నాడు."

"మంచిది," అంది అక్క.

లంగరు గొంతు సవరించుకున్నాడు. "గాలి ఇంకా ఉందే. నేనొచ్చి మలుపు దగ్గర కొండమీద ఉంటా. నీళ్ళు నాకు పైనుంచి బాగా కనపడతాయి. చెయ్యి ఊపితే..."

"వద్దు మామయ్యా."

"దూరంగానే..."

"వద్దన్నానా." ఆమె చెంబు కింద పెట్టి, మొదటిసారి అతనికి ఎదురుగా కూర్చుంది. గొంతులో చిరాకు లేదు. "నువ్వుంటే నేను నీ వైపే చూస్తా. పన్నెండేళ్ళ అలవాటు. నీళ్ళవైపు చూడను."

అతను టార్పాలిన్ కొస బిగించి పట్టుకున్నాడు. అక్క దారం ఎక్కిస్తోంది.

మర్నాడు పదింటికి అతను ఇంట్లో ఉన్నాడు. భార్య దుప్పట్లు లాడ్జీలో ఇచ్చి రావడానికి వెళ్ళింది. ఇరుకు ఇంటినుంచి కనపడదు, వినపడుతుంది. పాటు నీళ్ళ హోరు సన్నగిల్లింది, సన్నగిల్లి ఆగింది. వీధిలో సైకిలు గంట, పక్కింట్లో గిన్నెల చప్పుడు వినపడ్డాయి. ఆ నిశ్శబ్దంలో అతను ఎప్పుడూ నీళ్ళమీదే ఉండేవాడు. అది ఇంట్లో ఇంత పొడుగ్గా ఉంటుందని తెలీదు. రెండుసార్లు లేచి చెప్పులు వేసుకున్నాడు. రెండుసార్లూ విప్పాడు. తర్వాత దూరంగా, ముందు చెవిలో జోరీగలా, ఆపైన బండి దొర్లినట్టు హోరు మొదలైంది. నీళ్ళు మళ్ళాయి. వాళ్ళు రేవుకి చేరారో, మలుపు అవతలే ఉన్నారో ఆ శబ్దం చెప్పదు. అతను మంచంకోడు పట్టుకుని కూర్చున్నాడు.

చాలాసేపటికి భార్య ఖాళీ గంపతో వచ్చింది. గుమ్మంలోనే, "వేళకంటే అరగంట ముందే వచ్చేశారట," అంది. "ఒకాయన ఫోటోలు తియ్యనివ్వలేదని సణుగుతూ పోతున్నాడు."

"అది?"

"పడవలు కడుగుతోంది. పలకరించా. పలికింది."

లంగరు తలూపాడు. చెయ్యి మంచంకోడు మీంచి తీద్దామంటే వేళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి. ఒక్కొక్కటే విప్పుకున్నాడు.